చార్టులో కాషన్ బోర్డు ఉండదు

ప్రశ్న: కెప్టెన్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి 2019లో మెయిల్ లోకో పైలట్‌గా రిటైరయ్యాను. మా అబ్బాయి ఒక విమాన సంస్థలో కో-పైలట్. ఎయిర్‌బస్ ఎ320 నడుపుతాడు. పోయిన నెల ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రాత్రి డాబా మీద కూర్చుని చెప్పాడు. ఒక పెద్ద విమానాశ్రయంలో దిగబోతుంటే, వేగం తగ్గించవద్దని ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) చెప్పిందట. కాసేపటికి రెండు పాయింట్లు (దారిలో పేరు పెట్టి గుర్తించిన చోట్లు) తప్పించి, నేరుగా మూడో పాయింటుకు పొమ్మందట. ఆ పాయింటు దగ్గర వేగం 220 నాట్లకు మించరాదని చార్టులో ఉంది. వీళ్లు 250 మీద దాటారు. నడుపుతున్నది మా వాడే. ఏటీసీ నుంచి మాట రాలేదు. ‘ఎవరూ పట్టించుకోలేదు, నువ్వూ వదిలెయ్’ అన్నాడట కెప్టెన్. రిపోర్టు రాయాలా వద్దా అని వాడు కొట్టుకుంటున్నాడు. రాస్తే ఉద్యోగానికి ముప్పేమోనని వాళ్లమ్మ భయం. నా బాధ వేరు. కాషన్ ఆర్డరు, అంటే ఏ చోట ఎంత వేగం మించకూడదో రాసిచ్చే కాగితం, చేతిలో ఉంచుకుని స్పీడు దాటించిన రోజు నా సర్వీసులో ఒక్కటీ లేదు. చదువుకున్నవాళ్లు ఇద్దరు, ఎదురుగా కంప్యూటరు. కాగితం మీద అచ్చేసిన అంకె ఎలా కనబడకుండా పోతుంది? ఆ రాత్రి వాణ్ణి గట్టిగానే అన్నాను. అలా అనడం తప్పా?

సమాధానం:

అన్నగారూ,

మీది ఇచ్ఛాపురం, నేను పుట్టింది పర్లాకిమిడి. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ ఇళ్లలో మాట మారదు. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు మా స్టేషనులో ఆగితే ఇంజను పక్కన నిలబడి కదిలేదాకా చూసిన పిల్లవాణ్ణి నేను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు మీ చివరి ప్రశ్న. ఆ రాత్రి అలా అనకుండా ఉండవలసింది. అబ్బాయి పొరపాటు చేశాడు, అందులో సందేహం లేదు. కానీ బయట ఎవరి కంటా పడని పొరపాటును ఇంటిదాకా మోసుకొచ్చి, బండి నడపడం అంటే ఏమిటో తెలిసిన మనిషి ముందు పెట్టాడు. వాళ్లమ్మకన్నా ముందు, స్నేహితులకన్నా ముందు మీకు చెప్పాడు. చెప్పినందుకు మొదట దొరికింది మందలింపు అయితే, రెండోసారి అలాంటి మాట ఆ నోట రావడం కష్టం. ఈ రోజే ఫోను చేయండి. ‘ఆ రోజు తొందరపడ్డాను, మొదటినుంచి మళ్లీ చెప్పు’ అనండి. ఈ వయసులో కొడుకుతో ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అనండి.

ఇక అచ్చేసిన అంకె ఎలా కనబడకుండా పోతుందన్న ప్రశ్న. ఇది మీరు అనుకున్నదానికన్నా లోతైనది. జవాబు మీ లైను మీదే ఉంది.

కాషన్ ఆర్డరు మీ చేతిలో ఒంటరిగా ఉండదు. పనులు జరుగుతున్న చోట స్పీడు బోర్డు ఉంటుంది. దానికి కిలోమీటరు అటూఇటూ ముందే కాషన్ బోర్డు పాతి ఉంటుంది. అది కనబడగానే మీ చేయి బ్రేకు మీదికి పోతుంది, స్పీడు బోర్డు వచ్చేసరికి బండి వేగం దిగి ఉంటుంది. ఆ తర్వాత పరిమితి ముగిసిందని చెప్పే టి/పి, టి/జి బోర్డులు వస్తాయి. చివరి పెట్టె దాటిందని తెలిసేదాకా మీరు వేగం పెంచరు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ పాటించాలి, ఎక్కడ వదలాలి అనే మూడూ పట్టాల పక్కనే నిలబడి చెబుతాయి. తిత్లీ తుఫాను తర్వాత మందస రోడ్డు, బారువ, సోంపేట మీదుగా బళ్లు నడిపినవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

విమానాశ్రయానికి దిగే దారి చూపే మా అరైవల్ చార్టులో ఈ మూడింటిలో నడిమిది ఒక్కటే ఉంటుంది. పాయింటు పేరు, దాని పక్కన ఎత్తు, వేగం. అంతే. ఎక్కడినుంచి తగ్గించడం మొదలుపెట్టాలో చార్టు చెప్పదు. చెప్పడం సాధ్యం కూడా కాదు. అది ఆ రోజు విమానం బరువును బట్టి, గాలిని బట్టి, ఎంత పైన ఉన్నామన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి కాషన్ బోర్డును పైలట్ ప్రతిసారీ తన మనసులో తానే పాతుకోవాలి.

మీరన్న కంప్యూటరు మామూలు రోజుల్లో ఆ పని చేసిపెడుతుంది. చార్టులోని ఎత్తులు, వేగాలు చాలావరకు దాని డేటాబేస్‌లో ఉంటాయి. ఆ డేటాబేస్ 28 రోజులకోసారి కొత్తది వస్తుంది. ఎయిర్‌బస్‌లో వేగం నాబ్‌ను లోపలికి నొక్కితే వేగం కంప్యూటరు చేతిలో ఉంటుంది. అప్పుడు అది పాయింటును ముందే లెక్కలోకి తీసుకుని తగ్గిస్తూ వస్తుంది. నాబ్‌ను బయటికి లాగితే వేగం మనిషి చేతిలోకి వస్తుంది. ఆ క్షణం నుంచి మనం పెట్టిన అంకెనే అది పట్టుకుని కూర్చుంటుంది. ముందున్న పాయింటు దగ్గర 220 అని దాని కడుపులో రాసి ఉన్నా సరే, తగ్గించదు. తేడా తెలిపే గుర్తు వేగం స్కేలు మీద ఒక చిన్న త్రికోణం. కంప్యూటరు చేతిలో ఉన్నప్పుడు అది గులాబీ కలిసిన ఊదా రంగులో ఉంటుంది, మేము మెజెంటా అంటాం. మనిషి చేతిలో ఉన్నప్పుడు నీలంగా మారుతుంది. ఏ గంటా మోగదు. త్రికోణం రంగు మారడమే మీ కాషన్ బోర్డును ఎవరో పీకేశారనడానికి ఉన్న సాక్ష్యం.

ఇప్పుడు అబ్బాయి చెప్పింది ఈ వెలుగులో చూడండి. వేగం తగ్గించవద్దని ఏటీసీ చెప్పింది. అప్పుడు నాబ్ లాగకుండా ఎలా? లాగాడు, అది సరైన పనే. తర్వాత దారి కుదించారు. దూరం తగ్గింది, ఎత్తు మాత్రం అంతే ఉంది. జెట్ విమానం ఒకేసారి వేగంగా దిగనూ దిగదు, నెమ్మదించనూ నెమ్మదించదు. ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాలి. పదివేల అడుగులు దిగడానికి సుమారు 30 నాటికల్ మైళ్లు, ఎగుడుదిగుడు లేకుండా సమంగా ఎగురుతూ ప్రతి పది నాట్లు తగ్గడానికి సుమారు ఒక మైలు అని మాకు ఒక చేతి లెక్క ఉంది. 280 నుంచి 220కి రావాలంటే సమంగా ఎగిరినా ఆరు మైళ్లు, అంటే పదకొండు కిలోమీటర్లు. దిగుతూ తగ్గాలంటే ఇంకా ఎక్కువ. రెండు పాయింట్లు తప్పించిన చోట అబ్బాయి దగ్గర అంత దూరం మిగిలిందో లేదో అతనికే తెలియాలి. ఎత్తు మిగిలిపోతే విమానం దిగలేక మళ్లీ చుట్టి రావలసి వస్తుంది. ఆ భయం ముందు కళ్లు ఎత్తు మీదే ఉంటాయి.

250 అన్న అంకె కూడా ఇక్కడ కొంచెం మోసం చేసింది. పదివేల అడుగుల కింద 250 నాట్లు మించరాదనేది చాలా దేశాల్లో మామూలు నియమం, చిన్నప్పుడు నేర్చిన ఎక్కంలా పైలట్ల ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. 250 మీద ఉంటే ఏదో నియమం పాటిస్తున్నామన్న నెమ్మది మనసులో ఉంటుంది. ఆ నెమ్మదే 220ని కప్పేసింది. నడిపేవాడు ఎత్తు చూస్తున్నాడు, రేడియో పట్టుకున్న కెప్టెన్ కొత్త ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతున్నాడు. రెండోవాడు చూసే ఉంటాడని ఇద్దరూ అనుకున్నారు. మీరు ఇంజనులో ఈ తలుపు మూసేశారు. సిగ్నల్ కనబడగానే చేయి చూపించి పైకి చెప్పడం, అసిస్టెంటు తిరిగి చెప్పడం అందుకే. మీ పక్కన ఒడియా అసిస్టెంటు ఉన్నా తెలుగు అసిస్టెంటు ఉన్నా నోట వచ్చే మాట ఒకటే. ఆ రోజు కాక్‌పిట్‌లో ఆ మాట రాలేదు.

ముప్పై నాట్లు ఎక్కువైతే ఏమవుతుందని ఇంట్లోవాళ్లు అడగవచ్చు. గంటకు 463 కిలోమీటర్లు, 407 కిలోమీటర్ల మధ్య తేడా అది. రెక్క 25 డిగ్రీలు వాల్చి మలుపు తిరిగితే, గాలి లేని రోజున సముద్రమట్టం లెక్కన, 220 నాట్ల దగ్గర వృత్తపు వ్యాసార్ధం సుమారు 2.8 కిలోమీటర్లు. 250 దగ్గర 3.6. అంటే అదే మలుపు ఎనిమిది వందల మీటర్లు బయటికి పోతుంది. ఎత్తున ఇంకా ఎక్కువ. పక్కన ఇంకో విమానం దారి ఉండవచ్చు, కొండ ఉండవచ్చు. ముందు వెళ్లే విమానానికీ దీనికీ మధ్య కంట్రోలరు మూడు మైళ్లు లెక్కకట్టి పెట్టి ఉంటే, ఆ లెక్కలో దీని వేగం 220 అని ఉంటుంది.

దారి కుదించడం, వేగం మిగిలిపోవడం కొత్త కథ కాదు. 1960 డిసెంబర్ 16న న్యూయార్క్ మీద యునైటెడ్ సంస్థ డీసీ-8, టీడబ్ల్యూఏ సూపర్ కాన్‌స్టెలేషన్ ఢీకొన్నాయి. విమానాల్లో ఉన్న 128 మంది, నేల మీద ఆరుగురు, మొత్తం 134 ప్రాణాలు పోయాయి. డీసీ-8 ఒక పాయింటు దగ్గర ఆగి చక్కర్లు కొట్టవలసింది, దాన్ని దాటుకుని పోయింది. పాయింటును సమీపించిన వేగం ఎక్కువని, అంతకుముందు ఏటీసీ దారి మార్చడంతో సుమారు 11 మైళ్ల దూరం తగ్గిపోయిందని దర్యాప్తు తేల్చింది. సిబ్బంది ఆ తగ్గిన దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు. విమానాశ్రయాల దగ్గర పదివేల అడుగుల కింద 250 నాట్ల పరిమితిని అమెరికా 1961లో తెచ్చింది ఆ ప్రమాదం తర్వాతే. మీ అబ్బాయికి ఆ రోజు జరిగినదాని ఎముకలు ఇవే. అదృష్టం కొద్దీ ఎదురుగా ఎవరూ లేరు.

దారి కుదించినప్పుడు చార్టు అంకెల సంగతి ఏమిటన్న గందరగోళం కూడా నిజంగానే ఉండేది. 2016 నవంబర్‌లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో రేడియోలో వాడే కొత్త మాటలు తెచ్చి దీన్ని తేటపరిచింది. తప్పించిన పాయింట్ల ఎత్తులు, వేగాలు రద్దవుతాయి. తిరిగి కలిసే పాయింటువి, దాని తర్వాత వచ్చేవి మాత్రం వర్తిస్తాయి. కాబట్టి మూడో పాయింటు దగ్గర 220 బతికే ఉంది. చార్టు మీది వేగాలకు ఎత్తు పరిమితులతో సంబంధం లేదని, ఏటీసీ మారిస్తే తప్ప అవి తప్పనిసరి అని అమెరికా పైలట్ల మార్గదర్శి కూడా విడమరిచి చెబుతుంది. కానీ వేగం తగ్గించవద్దన్న ఏటీసీ మాట ఆ పాయింటు దాకా నిలిచి ఉందా లేదా? అబ్బాయి మనసులో ఈ ముడి ఉండే ఉంటుంది. అనుమానం ఉన్నప్పుడు అడగాలి. ‘ఫలానా పాయింటు దగ్గర 220 పాటించమంటారా’ అని రేడియోలో ఒక్క వాక్యం. కొత్తగా చేరినవాళ్లు అడగడానికి సిగ్గుపడతారు. సీనియర్లు అడగడం మానేస్తారు, అది ఇంకా చెడ్డది.

ఇక రిపోర్టు. రాయాలి. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు.

కెప్టెన్ చెడ్డవాడని నేను అనడం లేదు. కుర్రవాణ్ణి కాపాడుతున్నాననే అనుకుని ఉంటాడు. కానీ ‘ఎవరూ పట్టించుకోలేదు’ అన్న మాట నిజం కాకపోవచ్చు. మీ ఇంజనులో స్పీడు రికార్డరు ఉన్నట్టే విమానం కూడా తన వేగం, ఎత్తు, నాబ్‌ల స్థితి ప్రయాణమంతా రాసుకుంటుంది. మన దేశంలో విమాన సంస్థలు ఆ రికార్డును దించి చూడాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ఉంది. రికార్డులో బయటపడ్డాక ఇచ్చే వివరణకూ, ముందే తనంతట తాను రాసిన కాగితానికీ మధ్య తేడా లోకో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడిన మీకు నేను చెప్పనక్కర్లేదు.

అయినా భయం కోసం రాయమనడం నాకు ఇష్టం లేదు. రాయవలసిన అసలు కారణం ఇది. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 అనే బోయింగ్ 727 వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి దిగుతూ, దారిలో ఉన్న కొండను ఢీకొంది. 92 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఏటీసీ ఇచ్చిన అనుమతిని, చార్టును కలిపి సిబ్బంది ఒక రకంగా అర్థం చేసుకుని ముందే కిందికి దిగారు. దర్యాప్తులో బయటపడిన సంగతి గుండె పిండేస్తుంది. ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ సిబ్బంది అదే విమానాశ్రయానికి వస్తూ అలాగే అర్థం చేసుకున్నారు, కొండకు తగలకుండా తప్పించుకున్నారు. తమ సంస్థకు చెప్పారు. సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. పక్క సంస్థ పైలట్లకు ఆ మాట చేరే దారి అప్పట్లో లేదు. ఆ దారి వేయడానికే 1976లో నాసా చేతికి ఒక రహస్య నివేదికల వ్యవస్థను అప్పగించారు. లైసెన్సు ఇచ్చే సంస్థకు తప్పు ఒప్పుకోవడానికి పైలట్లు జంకుతారని, దాన్ని నియంత్రణ సంస్థ దగ్గర పెట్టలేదు. పేర్లు తీసేసి, పాఠం మాత్రం అందరికీ పంచుతారు. నేటికీ నడుస్తోంది.

మన దగ్గర కూడా సంస్థలో భద్రతా విభాగానికి రాసే ఏర్పాటు ఉంది, డీజీసీఏకు స్వచ్ఛందంగా నివేదించే ఏర్పాటు ఉంది. ఇలాంటి సమాచారాన్ని శిక్షించడానికి వాడకుండా కాపాడాలని ఐకావో 19వ అనుబంధం చెబుతుంది. ఆ కాపుదల పొరపాటుకు మాత్రమే వర్తిస్తుంది, తెలిసి తెగించిన పనికి కాదు. అబ్బాయిది మొదటి రకం. ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ఆ రోజు ఇంకో విమానంతో ఉండవలసిన దూరం తగ్గి ఉంటే, అప్పుడది స్వచ్ఛందం కాదు, తప్పనిసరిగా నివేదించాలి. వాళ్లమ్మకు ఒక మాట చెప్పండి. నిజాయితీగా రాసిన పొరపాటుకు ఉద్యోగం పోదన్న భరోసా నేను ఇక్కడ కూర్చుని ఇవ్వలేను. నాతో పనిచేసినవాళ్లలో రాసినందుకు నష్టపోయినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

నేనూ ఒకసారి తప్పాను అన్నగారూ. కెప్టెన్ అయిన కొత్తలో, వర్షాకాలం రాత్రి. మేఘాలు తప్పించుకోవడానికి దారి మార్చుకుని, తిరిగి చార్టు దారిలో కలిసేటప్పుడు ఒక పాయింటు వేగం మరిచాను. గుర్తొచ్చేసరికి దాటిపోయాం. నేను రాయలేదు. పక్కనున్న కుర్రవాడికి రాయమనీ చెప్పలేదు. కొన్ని నెలలకు క్యాంటీనులో ఇంకో కెప్టెన్ అదే పాయింటు గురించి అదే కథ చెప్పాడు. ఆ అంకె చార్టులో పాయింటు పక్కన లేదు, అడుగున గమనికల్లో సన్నని అక్షరాల్లో ఉంది. గమనికల్లో ఉన్నది కంప్యూటరుకు ఎక్కకపోవచ్చు. అది నా ఒక్కడి మతిమరుపు కాదని, ఆ పాయింటు చాలామందిని జారుస్తోందని నాకు ఆ రోజు తెలిసింది. నేను రాసి ఉంటే రెండోవాడికి ముందే తెలిసేది. నాకు ఇప్పటికీ నొప్పిగా ఉండేది ఆ కొన్ని నెలల మౌనమే.

కాబట్టి అబ్బాయి ముందు కెప్టెన్‌కు చెప్పాలి. వెనకనుంచి రాసినట్టు ఉండకూడదు. ‘సార్, నేను రిపోర్టు రాస్తున్నాను, మీరూ నాతో కలిసి రాస్తే బాగుంటుంది’ అంటే చాలు. ఒప్పుకుంటే ఇద్దరి పేరా పంపాలి. ఒప్పుకోకపోతే తనది తాను రాయాలి, కెప్టెన్ ఏమన్నాడన్నది మాత్రం అందులోకి లాగకూడదు. భద్రతా విభాగానికి కావలసింది ఆ సంభాషణ కాదు, పాయింటు.

రేపటి ప్రయాణాల కోసం మీరు అతనికి నేర్పగలిగింది నేను నేర్పలేను. మీ చేయి చూపించే అలవాటు నేర్పండి. నాబ్ బయటికి లాగిన ప్రతిసారీ, ‘వేగం మన చేతిలో ఉంది, తర్వాతి పరిమితి ఫలానా పాయింటు, 220’ అని పైకి అనాలి. పక్కవాడు తిరిగి అనాలి. దారి కుదించిన ప్రతిసారీ, కొత్త పాయింటు పేరు కంప్యూటరులో పెట్టకముందే దాని ఎత్తు, వేగం చార్టులో వేలు పెట్టి చదవాలి. తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలో ఒక మైలు సంఖ్య ఎంచుకుని అదీ పైకి చెప్పాలి. డాబా మీద కూర్చుని ఇద్దరూ ఒకసారి ఆడి చూడండి. మీరు కెప్టెన్‌గా కూర్చోండి.

రిపోర్టులో పశ్చాత్తాపం రాయనక్కర్లేదు. చార్టు పేరు, దాని తేదీ, ఏటీసీ అన్న మాటలు గుర్తున్నంతవరకు ఉన్నవున్నట్టుగా, ఎన్ని మైళ్ల దూరంలో దారి కుదించారు, అప్పుడు ఎత్తెంత, త్రికోణం ఏ రంగులో ఉంది, పాయింటు దాటినప్పటి వేగం, గుర్తించింది ఎవరు, ఎప్పుడు. ఇవి చాలు. సమయం మాత్రం మన గడియారం ప్రకారం రాయవద్దనండి. ప్రపంచమంతటా విమానయానంలో వాడే యూటీసీ సమయంలో రాయాలి, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక్కి. అర్ధరాత్రి దాటి తెల్లవారుజామున అయిదున్నరలోపు అయితే తేదీ కూడా మారుతుంది, ఒకసారి సరిచూసుకోమనండి.